జాన్ మ్యాకీ: లెక్కకు రాని సగం

యూట్యూబ్‌లో దొరికే ఆ క్లిప్ పట్టుమని అరనిమిషం ఉండదు. 1971 జనవరి 17, మయామీ, ఐదో సూపర్ బౌల్. బాల్టిమోర్ కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ జానీ యూనిటాస్ బంతి విసిరాడు. ఎడ్డీ హింటన్ కోసం విసిరిన బంతి అది. అతని చేతికి తగిలి పైకి లేచింది. డల్లాస్ డిఫెండర్ మెల్ రెన్‌ఫ్రో వేళ్లకి రాసుకుందో లేదో తెలియనంతగా రాసుకుని, ఇంకా వెనక్కి పోయి, 88 నంబర్ చొక్కా వేసుకున్నవాడి చేతుల్లో పడింది. అతను ఇక ఆగలేదు. మొత్తం 75 గజాలు. టచ్‌డౌన్.

అప్పటి రూల్ ప్రకారం విసిరిన బంతిని ఒకే జట్టువాళ్లు ఇద్దరు వరసగా తాకితే ఆ క్యాచ్ చెల్లదు. మధ్యలో ఎదుటి జట్టువాడి చేయి పడాలి. డల్లాస్ వాళ్లు గొడవ చేశారు. రెఫరీలు మాత్రం రెన్‌ఫ్రో వేలు తగిలిందన్నారు. ఆ స్కోరు నిలబడింది, చివరికి కోల్ట్స్ 16-13తో గెలిచారు.

ఈ క్లిప్ నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. మొదట్లో రెన్‌ఫ్రో వేలి కోసం చూశాను. తర్వాత్తర్వాత 88 కోసం. ఇప్పుడు చూస్తే మాత్రం కొంచెం కోపం వస్తుంది. జాన్ మ్యాకీ అనే టైట్ ఎండ్ గురించి ఈ ముక్క చెప్పేది చాలా తక్కువ. అయినా అంతా చెప్పేసినట్టు మనల్ని నమ్మిస్తుంది.

ఒక ఆటగాడి కెరీర్‌ని పుస్తకంలా చదవాలంటే మ్యాకీ విషయంలో మూడు పాఠ్యాలు దొరుకుతాయి. ఒక ఫిల్మ్ ముక్క, ఒక కోర్టు తీర్పు, ఒక వైద్య సహాయ పథకం. మొదటిది అభిమానులు చూస్తారు. రెండోది లాయర్లు చదువుతారు. మూడోది కొన్ని కుటుంబాలకి మాత్రమే తెలుసు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఏమవుతుంది? నా ప్రయత్నం అంతే.

*

ముందు ఆ పొజిషన్ సంగతి. అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్లకి దీన్ని బుర్రకథతో చెప్పడం తేలిక. నడుమ కథకుడు తంబుర పట్టుకుని చిందులేస్తుంటాడు. అందరి కళ్లూ అతని మీదే. అటూ ఇటూ నిలబడ్డ వంతలు గుమ్మెట వాయిస్తూ, తందాన అంటూ, కథకుడు ఊపిరి పీల్చుకునే జాగా సంపాదించి పెడతారు. అప్పుడప్పుడూ ఒక వంత మధ్యలో దూరి నాలుగు మాటలు చెప్పి జనాన్ని లాగేసుకుంటాడు. టైట్ ఎండ్‌ది దాదాపు అలాంటి ఉద్యోగం.

బంతి ఉన్న జట్టులో పదకొండు మంది. అందులో ముందు వరసలో నిలబడే ఐదుగురు భారీకాయుల పని అడ్డుపడటం. మామూలుగా వాళ్లు పాస్ పట్టుకోకూడదు. దూరంగా అంచున నిలబడే రిసీవర్ల పని పరిగెత్తడం, పట్టుకోవడం. ఈ రెండు కులాలకీ మధ్య, వరస చివర్లో అంటిపెట్టుకుని నిలబడేవాడు టైట్ ఎండ్. ఒక ఆటలో ఎదుటివాడి గుండెకి భుజం ఆనించి తోస్తాడు, తన వెనకాలవాడు ఆ సందులోంచి పరిగెత్తుతాడు. మరుసటి ఆటలో తనే ముందుకి దూసుకెళ్లి బంతి పట్టుకుంటాడు. పట్టుకున్నది లెక్కలో పడుతుంది. తోసింది పడదు. అధికారిక గణాంకాల పట్టికలో బ్లాక్‌కి గడి లేదు.

అందుకే మ్యాకీ అంకెలు ఇప్పటివాళ్లకి చిన్నగా కనిపిస్తాయి. 1963 నుంచి 1972 వరకు పది సీజన్లు, 139 మ్యాచ్‌లు, 331 క్యాచ్‌లు, 5,236 గజాలు, 38 టచ్‌డౌన్లు. 1997 నుంచి 2013 దాకా ఆడిన టోనీ గొంజాలెజ్ క్యాచ్‌లు 1,325. అంటే మ్యాకీవి అందులో పావు వంతు. అయితే క్యాచ్‌కి ఎన్ని గజాలని చూస్తే కథ తిరగబడుతుంది. గొంజాలెజ్‌కి 11.4, మ్యాకీకి 15.8. 1966లో మ్యాకీ చేసిన తొమ్మిది టచ్‌డౌన్లలో ఆరు 50 గజాలు దాటినవే. మైక్ డిట్కా 1961లో షికాగో బేర్స్ తరఫున టైట్ ఎండ్ కూడా బంతి పట్టి ఆటని శాసించగలడని చూపించాడు. మ్యాకీ దానికి వేగం జోడించాడు. అంత బరువున్న మనిషి అంత దూరం అలా పరిగెత్తుతాడని అప్పటికి ఎవరూ లెక్క వేసుకోలేదు. 1969లో లీగ్ యాభై ఏళ్ల పండగ చేసుకుంటూ సర్వకాల జట్టుని ఎంచినప్పుడు టైట్ ఎండ్‌గా మ్యాకీ పేరే రాశారు. అప్పటికి అతను ఇంకా ఆడుతూనే ఉన్నాడు.

అతని శైలి గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది గొప్ప రిసీవర్లు మనుషుల్ని తప్పించుకుని పరిగెత్తుతారు. మ్యాకీ మనుషుల్లోంచి పరిగెత్తేవాడు. 1966లో డెట్రాయిట్ మీద 64 గజాలు పరిగెత్తిన ఆట ఒకటుంది. ఒకడు నడుము పట్టుకుంటాడు, జారిపోతాడు. ఇంకొకడు భుజం మీద పడతాడు, ఊడిపోతాడు. తర్వాతివాడు, ఆ తర్వాతివాడు. అందరూ కింద, 88 ఒక్కడే నిలబడి. మొదటిసారి చూసినప్పుడు నేను గట్టిగా నవ్వేశాను, చిన్నప్పుడు కబడ్డీలో ఒక్కడే అందర్నీ ఈడ్చుకుంటూ గీత తాకినప్పుడు నవ్వినట్టు. ఆ నవ్వు దగ్గరికి మళ్లీ వస్తాను.

*

రెండో పాఠ్యం చదవాలంటే ఆ సూపర్ బౌల్‌కి ఆరు నెలలు వెనక్కి వెళ్లాలి.

1970లో రెండు ప్రత్యర్థి లీగులు కలిసిపోయి ఇప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్ అయింది. రెండు వైపుల ఆటగాళ్ల సంఘాలూ కలిశాయి. కలిసిన యూనియన్‌కి మొదటి అధ్యక్షుడు మ్యాకీ. లాంగ్ ఐలాండ్‌లో పెరిగిన, బాప్టిస్ట్ పాస్టర్ కొడుకైన నల్లజాతి మనిషి. ఆ వేసవిలో యజమానులు లాకౌట్ పెట్టారు, ఆటగాళ్లు సమ్మె అన్నారు. ఆగస్టు మొదట్లో ఒప్పందం కుదిరింది. పెన్షన్, వైకల్య ప్రయోజనాలు మెరుగయ్యాయి. జనవరిలో మయామీలో ఆ బంతి పట్టుకున్నది ఈ మనిషే. ఒకే సీజన్. ఒక కొసన యజమానుల ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు, ఇంకో కొసన వాళ్ల లీగ్‌కి అతి పెద్ద ఆటలో అతి పొడవైన పరుగు తీశాడు. క్లిప్‌లో రెండోదే ఉంటుంది.

తర్వాత కోర్టు. 1962లో ఆర్.సి. ఓవెన్స్ అనే రిసీవర్ తన కాంట్రాక్ట్ గడువు ఆడేసి, శాన్‌ఫ్రాన్సిస్కో వదిలి బాల్టిమోర్‌కి వెళ్లిపోయాడు. యజమానులకి అది మింగుడుపడలేదు. 1963లో ఒక రూల్ వచ్చింది. కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాణ్ణి ఇంకో జట్టు తీసుకుంటే పాత జట్టుకి పరిహారం ఇవ్వాలి. రెండు జట్లకీ కుదరకపోతే ఏమివ్వాలో కమిషనర్ పీట్ రోజెల్ తేలుస్తాడు. అతను తీసుకోమంటే జట్టులో ఉన్న ఇంకో ఆటగాణ్ణైనా ఇచ్చెయ్యాలి. ఏమి పోగొట్టుకుంటామో ముందు తెలియని బేరానికి ఎవడు దిగుతాడు? రోజెల్ రూల్ అంటే అదే. మ్యాకీ లీగ్‌లోకి, అందులోనూ అదే బాల్టిమోర్‌కి వచ్చిన సంవత్సరమూ 1963యే.

ఈ రూల్ మీద ఆటగాళ్లు వేసిన దావాకి మొదటి పేరు మ్యాకీది. 1975 చివర్లో మినెసోటా ఫెడరల్ కోర్టులో జడ్జి అర్ల్ లార్సన్, 1976 అక్టోబర్‌లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఆ రూల్ యాంటీట్రస్ట్ చట్టానికి విరుద్ధమని తేల్చాయి. తీర్పులో నన్ను ఆపేసింది ఒక చిన్న పేరా. 1963 నుంచి 1974 దాకా 176 మంది ఆటగాళ్లు తమ గడువు ఆడేశారు. వాళ్లలో 34 మంది వేరే జట్టుకి వెళ్లారు. కమిషనర్ స్వయంగా పరిహారం తేల్చినవి నాలుగే. నాలుగు! ఆ నలుగురి కోసం కాదు ఆ రూల్, మిగతా వాళ్ల కోసం. కొరడా దెబ్బలు లెక్కపెడితే నాలుగే ఉంటాయి, కొరడా గోడకి వేలాడుతోందన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. సాహిత్యంలో దీన్ని మనం సెన్సార్ గురించి మాట్లాడేటప్పుడు చెప్పుకుంటాం. నిషేధించిన పుస్తకాలు లెక్కకి వస్తాయి. భయపడి రాయని పుస్తకాలు రావు. కాంట్రాక్టుల విషయంలో అదే తర్కాన్ని ఒక జడ్జి భాషలో చదవడం నాకు కొత్త.

ఇక్కడ హీరో కథ అల్లేయడం చాలా తేలిక. కానీ జరిగింది అంత శుభ్రంగా లేదు. తీర్పు వచ్చేనాటికి మ్యాకీ ఆట మానేసి నాలుగేళ్లయింది. తన స్వేచ్ఛ కోసం గెలిచిన కేసు తనకి స్వేచ్ఛగా అక్కరకి రాలేదు. పైగా 1977 ఒప్పందంలో యూనియన్ నాయకత్వం కొన్ని ఇతర లాభాల కోసం కొత్త రకం పరిహార పద్ధతికి ఒప్పుకుంది. ఆటగాళ్లు పేరుకి స్వేచ్ఛగా, నిజానికి ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. అసలైన ఫ్రీ ఏజెన్సీ ఇంకో కేసు గెలిచాక, 1993లో వచ్చింది. కోర్టులో గెలిచి బల్ల దగ్గర ఓడిపోవడం మన కార్మికోద్యమాల చరిత్ర తెలిసినవాళ్లకి వింతగా అనిపించదు.

1993 ఒప్పందంతో పాటు వచ్చిందే ఫ్రాంచైజ్ ట్యాగ్. జట్టు తన ఆటగాణ్ణి ఒక్క ఏడాది కట్టి ఉంచొచ్చు, అతని పొజిషన్‌ని బట్టి లెక్క కట్టిన జీతం ఇచ్చి. 2014లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ ఆటగాడు జిమ్మీ గ్రాహమ్ విషయంలో దీని మీద తగువు వచ్చింది. అతను టైట్ ఎండా, వైడ్ రిసీవరా? టైట్ ఎండ్ అయితే సుమారు 70 లక్షల డాలర్లు. వైడ్ రిసీవర్ అయితే కోటీ 23 లక్షలు. చాలాసార్లు వరసకి దూరంగా నిలబడి రిసీవర్‌లాగే ఆడుతున్నానని గ్రాహమ్ వాదన. మధ్యవర్తి అతను వరసకి ఎన్ని గజాల దూరంలో నిలబడుతున్నాడో లెక్కలు చూసి, నువ్వు టైట్ ఎండ్‌వే అన్నాడు. మనిషి ఒక్కడే, చేసే పనీ ఒక్కటే, పేరు మారితే యాభై లక్షల తేడా. పని విలువని చివరికి ఎవరు నిర్ణయిస్తారు అన్న మ్యాకీ ప్రశ్న, అతను వేసిన దావా తీర్పుకి 38 ఏళ్ల తర్వాత, అతని పొజిషన్ దగ్గరే వచ్చి నిలబడింది.

ఒక తేదీ కూడా చెప్పాలి. 1969లో యాభై ఏళ్ల అత్యుత్తమ టైట్ ఎండ్ అనిపించుకున్న మ్యాకీ, ఆటగాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వచ్చింది 1992లో. మామూలు అర్హత గడువు అయిపోవస్తుండగా, ఆఖరి ఏడాది. యూనియన్ పనికి పడిన శిక్ష అది అని చాలామంది నమ్మారు. ఓటు వేసేవాళ్లు కారణం రాయరు కాబట్టి రుజువు దొరకదు. గోడకి వేలాడే కొరడాకి రుజువు ఎప్పుడూ దొరకదు.

*

మూడో పాఠ్యం ఒక ఉత్తరంతో మొదలవుతుంది.

మ్యాకీకి యాభైల చివర నుంచే మతిమరుపు మొదలైంది. ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అన్నారు. మనిషి స్వభావాన్నీ మాటనీ ముందు తినేసే జబ్బు. కాలేజీ రోజుల నుంచి తోడున్న భార్య సిల్వియా, ఆరోగ్య బీమా కోసం ఆ వయసులో ఫ్లైట్ అటెండెంట్ ఉద్యోగంలో చేరింది. ఒకసారి విమానాశ్రయంలో తనిఖీ దగ్గర సూపర్ బౌల్ ఉంగరం, హాల్ ఆఫ్ ఫేమ్ ఉంగరం తియ్యమంటే మ్యాకీ తియ్యనన్నాడు. గేటు వైపు పరిగెత్తాడు. భద్రతా సిబ్బంది వెంటపడి కింద పడేశారు. ఈ సంగతి సిల్వియాయే తర్వాత బయటికి చెప్పింది.

2006లో ఆమె కమిషనర్ పాల్ టాగ్లియాబ్యూకి ఉత్తరం రాసింది. తన భర్త పరిస్థితి, సంరక్షణకయ్యే ఖర్చు, తనలాంటి ఇతర కుటుంబాల సంగతి. 2007లో లీగ్, యూనియన్ కలిసి ఒక పథకం పెట్టాయి. డిమెన్షియా వచ్చిన మాజీ ఆటగాళ్లకి సంరక్షణ కేంద్రంలో ఉంటే ఏడాదికి 88,000 డాలర్ల దాకా, ఇంట్లో చూసుకుంటే 50,000 దాకా. పథకం పేరు 88 ప్లాన్. మ్యాకీ చొక్కా నంబర్.

ఒక విమర్శకుడిగా ఈ పేరు దగ్గర నేను ఇరుక్కుపోయాను. చూడ్డానికి ఎంత అందంగా ఉంది! చొక్కా మీది అంకే డబ్బు మొత్తం కూడా అయింది. ఎవరో బాగా ఆలోచించి పెట్టారు. ఆ డబ్బు నిజమైనది, ఎన్నో ఇళ్లలో నర్సుల జీతాలైంది. దాన్ని నేను తీసిపారెయ్యను. కానీ ఆ పథకం పెట్టిన రోజుల్లో ఆటకీ ఆ జబ్బుకీ సంబంధం ఉందని లీగ్ ఒప్పుకోలేదు. కాబట్టి 88 అన్న అంకె ఒక పని చేస్తోంది. కారణం చెప్పాల్సిన చోట గుర్తు పెట్టింది. బాధ్యత అని రాయాల్సిన చోట నివాళి అని రాసింది. మంచి కవిత్వం చెడ్డ సంజాయిషీగా పనికొచ్చిన సందర్భం ఇది.

ఈ మూడు పాఠ్యాలూ పక్కన పెట్టుకున్నాక నాకు మొదట తోచిన సూత్రం చెప్తాను, ఎందుకంటే దాన్ని నేనే కొట్టేశాను. మైదానంలో తోసి దారి చేశాడు, కోర్టులో తోసి దారి చేశాడు, చివరికి జబ్బుతోనూ వెనకాలవాళ్లకి దారి చేశాడు. జీవితమంతా బ్లాకింగే! రాసుకున్నప్పుడు భలే కుదిరిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత చదివితే సిగ్గేసింది. త్యాగమూర్తిని తయారు చెయ్యడం లీగ్‌కి కూడా ఇష్టమైన పనే. త్యాగం చేసినవాడికి దండ వేస్తే సరిపోతుంది, బాకీ తీర్చక్కర్లేదు. మ్యాకీ 1970లో బల్ల దగ్గర కూర్చున్నది త్యాగానికి కాదు. చేసిన పనికి రావాల్సింది అడగడానికి. జబ్బు అతను ఎవరి కోసమో ఎంచుకున్న దారి అసలే కాదు. అది పనిలో తగిలిన దెబ్బ. మనం తోటి మనుషుల జీవితాల్ని పోలికలతో అందంగా ముడి వేసినప్పుడల్లా ఆ ముడిలో ఎవరి బాకీ మాఫీ అవుతోందో చూసుకోవాలి.

*

ఇప్పుడు ఆ నవ్వు సంగతి.

మ్యాకీ 2011 జులై 6న బాల్టిమోర్‌లో చనిపోయాడు. 69 ఏళ్లు. మెదడుని పరిశోధనకి ఇచ్చారు. అందులో సీటీఈ ఉందని తేలింది. తలకి మళ్లీమళ్లీ తగిలే దెబ్బలతో ముడిపడ్డ జబ్బు. పెద్ద దెబ్బలే కానక్కర్లేదు, లేచి నిలబడి మళ్లీ ఆడగలిగే చిన్న దెబ్బలు కూడా పేరుకుంటాయని ఇప్పుడు తెలుసు. పది సీజన్లలో ఒక్క మ్యాచ్ మాత్రమే తప్పిన మనిషికి అలాంటివి ఎన్ని తగిలుంటాయో ఏ పట్టికా చెప్పదు. బ్లాక్‌కి గడి లేదు కదా. అంటే టైట్ ఎండ్ పనిలో లెక్కకు రాని సగం ఎక్కడా రాసుకోబడలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. రాసుకోబడింది. అతని లోపలే.

అలాంటప్పుడు 1966 డెట్రాయిట్ క్లిప్‌ని ఏం చెయ్యాలి? ఒకడు నడుము మీద, ఇంకొకడు భుజం మీద, తర్వాతివాడు, ఆ తర్వాతివాడు. నేను నవ్విన ప్రతి చోటా ఒక దెబ్బ ఉంది. చూడ్డం మానెయ్యాలని నేను అనను, నేను మానలేదు కూడా. ఆ పరుగులో ఉన్న అందం అబద్ధం కాదు. పడెయ్యాలని వచ్చినవాళ్లందరి మధ్యలోంచి ఒక మనిషి నిలబడి బయటికి రావడం ఎప్పటికీ బాగుంటుంది. కాకపోతే నవ్వడం కుదరడం లేదు. దాన్ని చూస్తూ పక్కన తీర్పులోని ఆ చిన్న పేరా, పథకంలోని ఆ అంకె కూడా చదవాల్సి వస్తోంది.

మ్యాకీ చనిపోయిన రోజున లీగ్‌లో మళ్లీ లాకౌట్ నడుస్తోంది. ఆటగాళ్లు, యజమానులు బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉన్నారు, 1970లో లాగే. 19 రోజుల తర్వాత, జులై 25న ఒప్పందం కుదిరింది. అందులో ప్యాడ్‌లు వేసుకుని గుద్దుకునే ప్రాక్టీసులకి సీజన్‌కి 14 అని పరిమితి పెట్టారు. 1993కి ముందు ఆడినవాళ్ల పెన్షన్ల కోసం 62 కోట్ల డాలర్ల నిధి రాశారు.

ఎవరో అడిగారు కాబట్టే అవి ఆ కాగితం మీదికి వచ్చాయి. అడగడం ఈ ఆటలో ఎప్పుడు మొదలైందో తెలుసుకోవాలంటే మయామీ క్లిప్ కంటే ఆరు నెలలు ముందు నుంచి చూడాలి.